చెవిలో నీరు.. సిరప్‌తో తగ్గేదేనా?

జలుబు తగ్గింది. జ్వరం లేదు. చెవి నొప్పి అసలే లేదు. అయినా పిల్లాడు పిలిస్తే పలకటం లేదు. చాలా ఇళ్లలో దీన్ని మొండితనమనో, పరధ్యానమనో అనుకుంటారు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఓ జలుబు సిరప్, ఓ యాంటీబయాటిక్‌తో తిరిగొస్తారు. పిల్లల దగ్గు, జలుబు మందుల మీద ప్రభుత్వం పదేపదే హెచ్చరికలు చేస్తున్న ఈ రోజుల్లో మధ్య చెవిలో నీరు చేరే సమస్యను కొత్తగా చూడాల్సిన అవసరముంది. ఎందుకంటే దీనికి ముందుగా కావాల్సింది మందు కాదు, వినికిడి పరీక్ష.

యూనిట్ పరీక్షలు అయ్యాక జరిగే పేరెంట్స్ మీటింగుల్లో ఈ మాటలు తరచూ వినబడుతుంటాయి. ‘బాబు తెలివైనవాడే. కానీ చెప్పింది చెవిన పెట్టడు. ఒకటి చెబితే ఇంకోటి రాస్తాడు’ అని టీచర్ అంటారు. ‘ఇంట్లోనూ అంతేనండీ, టీవీ ముందు కూర్చుంటే పదిసార్లు పిలిచినా ఉలకడు, పలకడు’ అని అమ్మ ఒప్పుకొంటుంది. ‘చెవులు బాగానే ఉన్నాయి లెండి, పక్కన చాక్లెట్ కాగితం చప్పుడైతే ఇట్టే తిరిగి చూస్తాడు’ అని నాన్న నవ్వేస్తాడు. చివరికి సెల్‌ఫోన్ దాచేస్తారు, ట్యూషన్ మారుస్తారు, కొందరు రెండు దెబ్బలూ వేస్తారు. చెవి పరీక్ష చేయించాలని మాత్రం ఎవరికీ తోచదు.

ఇలాంటి పిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక నీరు చేరి ఉంటుంది. డాక్టర్లు దీన్ని ఒటైటిస్ మీడియా విత్ ఎఫ్యూజన్ అంటారు. ద్రవం చిక్కబడి జిగురులా మారితే గ్లూ ఇయర్ అనీ పిలుస్తారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. బడిలో చేరే వయసుకల్లా పది మంది పిల్లల్లో సుమారు తొమ్మిది మంది ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటారని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. ఎక్కువ మందిలో అదే వచ్చి, అదే పోతుంది. అమ్మానాన్నలకు ఆ సంగతే తెలియదు. చిక్కంతా నెలల తరబడి నీరు అలాగే నిలిచిపోయే కొద్దిమంది పిల్లలతోనే.

స్నానం నీళ్లు కావు

చెవిలో నీరు అనగానే చాలామంది తలంటు పోసేటప్పుడు నీళ్లు పోయాయేమో అనుకుంటారు. ఈత నేర్పించటమే తప్పయిందని బాధపడేవారూ ఉన్నారు. నిజానికి బయటి నీరు మధ్య చెవిలోకి వెళ్లలేదు. మధ్యలో కర్ణభేరి తలుపులా అడ్డుంటుంది. ఈ ద్రవం లోపల పుట్టేదే.

కర్ణభేరి వెనక చిన్న గది ఉంటుంది. అదే మధ్య చెవి. ఇందులో గాలి నిండి ఉండాలి. అప్పుడే కర్ణభేరి, దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు హాయిగా కదిలి శబ్దాన్ని లోపలి చెవికి చేరవేస్తాయి. ఈ గదికి గాలి అందించే దారి ఒకటే. ముక్కు వెనక భాగం నుంచి చెవిలోకి వెళ్లే యూస్టేషియన్ గొట్టం. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు ఇది తెరుచుకుంటుంది. విమానం ఎక్కినప్పుడు, ఘాట్ రోడ్డులో వెళ్తున్నప్పుడు చెవులు దిబ్బడ వేసి, గుటక వేస్తే ‘టప్’మని వదులుకోవటం మనందరికీ అనుభవమే. అది ఈ గొట్టం చేసే పనే.

పెద్దవాళ్లలో ఈ గొట్టం పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దాన్ని తెరిచే కండరాలూ ఇంకా బలపడి ఉండవు. అందుకే జలుబు చేసి ముక్కు వెనక భాగం ఉబ్బితే ఇది తేలిగ్గా మూసుకుపోతుంది. గాలి అందక గదిలో ఒత్తిడి తగ్గిపోతుంది. కర్ణభేరి లోపలికి లాక్కున్నట్టు అవుతుంది. చుట్టూ ఉన్న పొర నుంచి ద్రవం ఊరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరుంటే కర్ణభేరి సరిగా కదల్లేదు. తడిసిన డప్పు మీద దరువేస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

చెవిపోటు, జ్వరంతో వచ్చే మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ తర్వాతా ఇది మిగిలిపోవచ్చు. నొప్పి, జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. కానీ నెల తర్వాత చూసినా పది మందిలో సుమారు నలుగురికి లోపల నీరు ఉంటుంది. ఇది మందు పనిచెయ్యలేదనటానికి గుర్తు కాదు. ఇన్‌ఫెక్షన్ తగ్గాక మిగిలిన ద్రవం నెమ్మదిగా ఇంకిపోవాల్సి ఉంటుంది. అలాగే ఇది చెవి కారటం కాదు. చెవి నుంచి చీము కారుతోందంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. ఆ సమస్య వేరు, చికిత్సా వేరు.

ఎవరికి ఎక్కువ?

ఆరు నెలల నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లల్లో ఇది బాగా ఎక్కువ. బడిలో చేరిన తొలి సంవత్సరాల్లోనూ కనిపిస్తుంది. తరచూ జలుబు చెయ్యటమే ప్రధాన కారణం. 2020లో కొవిడ్ లాక్‌డౌన్‌లతో బడులు, డేకేర్‌లు మూతపడినప్పుడు ఇటలీ వంటి దేశాల్లో చెవిలో నీటితో వచ్చే పిల్లల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. పిల్లలు ఒకరికొకరు జలుబు అంటించుకోకపోతే చెవుల్లోకి నీరూ చేరదని ఇది కళ్లకు కట్టినట్టు చూపించింది.

ముక్కు వెనక ఉండే అడినాయిడ్ గ్రంథులు పెద్దవైనా ఇబ్బందే. నోరు తెరిచి నిద్రపోవటం, గురక, ఎప్పుడూ ముక్కు దిబ్బడ ఉండే పిల్లల్లో వీటిని అనుమానించాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్, బీడీ తాగితే ఆ పొగ ముక్కు, గొట్టం లోపలి పొరను దెబ్బతీస్తుంది. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టటం, ఎప్పుడూ నోట్లో పాల పీక ఉంచటమూ ముప్పును పెంచుతాయి. తల్లిపాలు తాగే పిల్లలకు కొంత రక్షణ ఉంటుంది.

గ్రహణం మొర్రితో అంగిలి చీలి పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ చెవిలో నీరు చేరుతుంది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లోనూ చాలా ఎక్కువ. వీరి విషయంలో ‘చూద్దాంలే’ అనటానికి వీల్లేదు. లక్షణాలున్నా లేకపోయినా క్రమం తప్పకుండా చెవులు, వినికిడి పరీక్షించాల్సిందే.

పది, గది, నది

చెవిలో నీరున్న పిల్లలకు పూర్తిగా చెవుడు రాదు. అదే దీనిలోని మోసం. వినికిడి సాధారణంగా 20 నుంచి 30 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. కొందరిలో అంతకన్నా ఎక్కువా తగ్గొచ్చు. రెండు వేళ్లతో చెవులు మూసుకొని ఎదుటివారి మాటలు వినండి. పిల్లల పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఎదురుగా, దగ్గరగా కూర్చొని మాట్లాడితే అన్నీ వినబడతాయి. అందుకే పక్కన కాగితం చప్పుడైతే తిరిగి చూస్తాడు. గది అవతలి నుంచి పిలిచినా, వెనక నుంచి చెప్పినా, ఫ్యాన్ గిర్రుమంటున్న తరగతిలో చివరి బెంచీలో కూర్చున్నా సగం మాటలు జారిపోతాయి.

అచ్చులు గట్టిగా పలుకుతాయి కాబట్టి వినబడతాయి. హల్లుల్లో చాలావాటి శబ్దం సన్నగా ఉంటుంది. పది, గది, నది.. మూడూ ఒకేలా వినబడతాయి. సందర్భాన్ని బట్టి పెద్దవాళ్లం ఊహించుకోగలం. ఆ మాటలను అప్పుడే నేర్చుకుంటున్న నాలుగేళ్ల పిల్లకు ఆ అవకాశం లేదు. ఇక ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ అయితే కష్టం రెట్టింపవుతుంది. ఇంగ్లిష్‌లో బహువచనాన్ని, కాలాన్ని తెలిపేవి పదం చివర వచ్చే ఎస్, టీ, డీ వంటి సన్నని శబ్దాలే. కొత్త భాషలో అవే వినబడకపోతే ‘గ్రామర్ రాదు’ అన్న పేరు వస్తుంది.

పైగా ఇది ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. జలుబున్న వారం అసలు వినబడదు. తగ్గాక కాస్త మెరుగు. ‘నిన్న విన్నాడు, ఇవాళ వినటం లేదంటే నటనే’ అని పెద్దవాళ్లు తీర్మానిస్తారు. పిల్లలు తమకు వినబడటం లేదని చెప్పరు. వాళ్లకు తెలిసిన లోకమే అది.

ఈ గుర్తులు కనిపిస్తే చెవులను అనుమానించాలి:

- వెనక నుంచి, వేరే గది నుంచి పిలిస్తే పలకకపోవటం
- టీవీ, ఫోన్ సౌండ్ ఎక్కువ పెట్టుకోవటం, టీవీకి మరీ దగ్గరగా కూర్చోవటం
- తరచూ ‘ఆఁ?’, ‘ఏంటీ?’ అని అడగటం, మన పెదాల వంకే చూడటం
- మాటలు ఆలస్యం కావటం, పలుకు స్పష్టంగా లేకపోవటం
- గట్టిగా మాట్లాడటం, లేదంటే పది మందిలో ముడుచుకుపోవటం
- బడిలో ఉన్నట్టుండి వెనకబడటం, చిరాకు, పరధ్యానం
- తరచూ చెవి రుద్దుకోవటం, చెవిలో టప్‌టప్‌మంటోందని చెప్పటం, నడకలో తూలటం

సిరప్‌ల హెచ్చరిక మనకేం చెబుతోంది?

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోవటం దేశాన్ని కలచివేసింది. ఆ మందులో కలిసిన డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం వారి కిడ్నీలను దెబ్బతీసింది. ఆ సమయంలోనే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు ఓ సూచన జారీ చేసింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి మామూలుగా ఇవి సిఫార్సు చెయ్యదగినవి కావని అందులో పేర్కొంది. అంతకుముందు 2023 డిసెంబరులోనే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని సీసాల మీద ముద్రించాలంటూ ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే ఓ విషయం స్పష్టమవుతుంది. విషం కలవటం తయారీలో జరిగిన ఘోరం. దాన్ని అరికట్టాల్సింది తనిఖీలతో. కానీ అసలు అవసరమే లేని చోట మందు ఇవ్వటం మన అలవాటులో ఉన్న లోపం. చెవిలో నీటికి చేసే చికిత్సలో ఈ అలవాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముక్కు ఎండితే గొట్టం తెరుచుకుంటుంది, గొట్టం తెరుచుకుంటే నీరు దిగిపోతుందని అనుకోవటం తేలిక. చాలా ఏళ్లు డాక్టర్లూ అలాగే అనుకొని ఈ మందులు రాశారు. పరీక్షించి చూస్తే అది నిజం కాలేదు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2023 ఆగస్టులో పన్నెండేళ్లలోపు పిల్లల చెవి నీటి సమస్యపై కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. యాంటీబయాటిక్స్, అలర్జీ మాత్రలు, ముక్కు దిబ్బడ తగ్గించే మందులు, స్టిరాయిడ్లు.. వీటిలో వేటినీ ఈ సమస్యకు వాడొద్దని తేల్చిచెప్పింది. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2016లోనే దాదాపు ఇదే మాట చెప్పింది. నోటితో ఇచ్చే స్టిరాయిడ్ల మీద బ్రిటన్‌లో 389 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఐదు వారాల తర్వాత వినికిడి సరిపడా ఉన్నవారు స్టిరాయిడ్ తీసుకున్నవారిలో 40 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 33 శాతం. గణాంకాల ప్రకారం ఇది లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. ఏ మందూ లేకుండానే మూడో వంతు మంది కోలుకున్నారన్నది అంతకన్నా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మందు వేశాం, తగ్గింది అని మనం అనుకోవటానికి కారణం ఇదే. చాలామందిలో నీరు దానంతటదే ఇంకిపోతుంది. ఆ పేరు సిరప్ కొట్టేస్తుంది. యాంటీబయాటిక్‌ల విషయంలో ఇంకో నష్టమూ ఉంది. అవసరం లేకుండా వాడిన ప్రతి కోర్సూ మందులకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. రేపు నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు అదే మందు పనిచెయ్యకపోవచ్చు.

అలాగని ఏ మందూ ఎప్పుడూ వద్దని కాదు. చెవిపోటు, జ్వరంతో ఇన్‌ఫెక్షన్ ఉంటే కొందరికి యాంటీబయాటిక్ తప్పనిసరి. పిల్లకు తుమ్ములు, ముక్కు దురదతో అలర్జీ ఉంటే దానికి చికిత్స చెయ్యాలి. అది అలర్జీ కోసం, చెవి నీటి కోసం కాదు. ఇప్పటికే వాడుతున్న మందును డాక్టరును అడగకుండా ఆపొద్దు. మందు ఎందుకు రాశారో అడిగి తెలుసుకోవటంలో తప్పు లేదు.

చెవిలో వెల్లుల్లి నూనె, ఉల్లిరసం పోయటం వంటి ఇంటి చిట్కాలూ పనిచెయ్యవు. కర్ణభేరి అడ్డుండగా అవి లోపలికి చేరవు. చిల్లు ఉంటే చేరతాయి కానీ అప్పుడు హాని చేస్తాయి.

మూడు నెలలు ఆగటమంటే..

పెద్ద ఇబ్బందులేమీ లేని పిల్లల్లో సమస్యను గుర్తించిన రోజు నుంచి మూడు నెలలు వేచి చూడాలన్నది ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరిస్తున్న పద్ధతి. ఈలోపు ఎక్కువ మందిలో నీరు పోతుంది. 5 నుంచి 10 శాతం మందిలో మాత్రం ఏడాదికి పైగా ఉండిపోవచ్చు.

ఆగటమంటే ఊరుకోవటం కాదు. మొదటే ఎంత వినబడుతోందో కొలవాలి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలవాలి. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. ఇక్కడే మన దగ్గర దారి తప్పుతోంది. మందుల చీటీతో వచ్చినవారు మందు అయిపోగానే సమస్య తీరిందనుకుంటారు. తిరిగి వెళ్లరు.

పరీక్షలు భయపడేవి కావు. డాక్టరు ఓటోస్కోప్‌తో కర్ణభేరిని చూస్తారు. టింపనోమెట్రీలో చెవి రంధ్రంలో మెత్తటి బిరడా పెట్టి గాలి ఒత్తిడిని కొద్దిగా మారుస్తారు. కర్ణభేరి కదిలితే గ్రాఫ్‌లో శిఖరం వస్తుంది. లోపల నీరుంటే గీత చదునుగా ఉంటుంది. నొప్పి ఉండదు, నిమిషంలో అయిపోతుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెడ్‌ఫోన్ పెట్టి చేసే ఆడియోమెట్రీతో ఏ చెవికి ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో తెలుస్తుంది. అంతకన్నా చిన్నపిల్లలకు ఆటలా చేసే పరీక్షలున్నాయి. టింపనోమెట్రీ నీరుందా లేదా అన్నదే చెబుతుంది. ఎంత వినబడుతోందో చెప్పేది ఆడియోమెట్రీ. చికిత్స నిర్ణయానికి రెండోదే కీలకం.

వేచి చూసే రోజుల్లో చెయ్యగలిగినవి చాలానే ఉన్నాయి. పిల్లాడిని ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకు చెప్పాలి. మాట్లాడేటప్పుడు ఎదురుగా, కళ్లలోకి చూస్తూ, టీవీ ఆపేసి మాట్లాడాలి. అర్థం కాకపోతే కసురుకోకుండా మరోసారి చెప్పాలి. రోజూ పక్కన కూర్చోబెట్టుకొని కథ చదివి వినిపించటం ఎంతో మేలు. ఇంట్లో పొగ తాగేవారు మానెయ్యాలి. బాల్కనీలోకి వెళ్లి తాగినా బట్టలకు పట్టిన పొగ ఇంట్లోకి వస్తుంది.

నాలుగేళ్లు దాటిన, చెప్పింది చెయ్యగలిగిన పిల్లలకు ముక్కుతో బుడగ ఊదించే పద్ధతీ ఉంది. దీనికి ప్రత్యేకంగా తయారుచేసిన పరికరం వాడతారు. ఒక ముక్కు రంధ్రాన్ని మూసి, రెండో దానితో బుడగ ఊదితే ఆ ఒత్తిడికి గొట్టం తెరుచుకుంటుంది. బ్రిటన్‌లో 320 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. మూడు నెలలకు ఇలా చేసినవారిలో దాదాపు 50 శాతం మందికి, చెయ్యనివారిలో 38 శాతం మందికి చెవి మామూలు స్థితికొచ్చింది. ఫలితం భారీగా లేకపోయినా ప్రమాదం తక్కువ. ఈఎన్‌టీ డాక్టరు చూపించాకే మొదలుపెట్టాలి. మామూలు బుడగలు ముక్కుకు పెట్టొద్దు.

గ్రోమెట్ ఎప్పుడు?

మూడు నెలల తర్వాతా రెండు చెవుల్లో నీరుండి, వినికిడి తగ్గినట్టు పరీక్షలో తేలితే చికిత్స గురించి మాట్లాడాలి. అప్పుడు ప్రధానంగా రెండు మార్గాలుంటాయి. ఒకటి, తాత్కాలికంగా వినికిడి యంత్రం. ఆపరేషన్ వద్దనుకునేవారికి, మత్తు ఇవ్వటం క్షేమం కాని పిల్లలకు ఇది మంచి మార్గం. నైస్ మార్గదర్శకాలు దీన్ని గ్రోమెట్‌తో సమానంగా పరిగణిస్తాయి. మన దగ్గర మాత్రం వినికిడి యంత్రం అనగానే ‘పిల్లకు చెవుడని అందరికీ తెలిసిపోతుంది’ అన్న జంకు అడ్డొస్తుంది. కళ్లద్దాలు పెట్టించటానికి లేని మొహమాటం దీనికెందుకు?

రెండోది గ్రోమెట్. కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు లాగేసి, అక్కడ బియ్యపు గింజ కన్నా చిన్నదైన గొట్టాన్ని అమర్చుతారు. యూస్టేషియన్ గొట్టం చెయ్యలేని పనిని ఇది చేస్తుంది. బయటి నుంచి గాలిని లోపలికి పంపుతుంది. 1954లో అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో చేసిన ప్రయోగం నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. పిల్లలకు పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. పది, పదిహేను నిమిషాల పని. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. వినికిడి వెంటనే మెరుగవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాదిన్నరలోపు చాలామందిలో గ్రోమెట్ దానంతటదే ఊడి బయటికొస్తుంది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. కొందరిలో చెవి కారొచ్చు. దానికి చుక్కల మందు సరిపోతుంది. నూటికి ఒకరిద్దరిలో గ్రోమెట్ ఊడాక చిల్లు పూడకపోవచ్చు. కొందరికి మళ్లీ నీరు చేరి రెండోసారి పెట్టాల్సి రావొచ్చు. కాబట్టి ‘నీరుంది, వెంటనే గ్రోమెట్ వేద్దాం’ అన్నా తొందరపడొద్దు. ‘పెద్దయ్యాక అదే తగ్గుతుంది’ అని రెండేళ్లు వదిలెయ్యటమూ సరికాదు. అడినాయిడ్స్ పెద్దగా ఉన్నవారికి గ్రోమెట్‌తో పాటే వాటినీ తీసెయ్యటం గురించి ఆలోచిస్తారు. అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో మాత్రం దీనికి చాలా జాగ్రత్త అవసరం.

నెలల తరబడి పట్టించుకోకపోతే కర్ణభేరి పలుచబడి లోపలికి కుంగిపోవచ్చు. అరుదుగా అక్కడ చర్మం పేరుకొని ఎముకను తినేసే కొలెస్టియటోమా ఏర్పడొచ్చు. దీనికి పెద్ద ఆపరేషనే చెయ్యాల్సి ఉంటుంది.

కళ్లకు వెలుగు.. మరి చెవులకు?

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఆరంభమైన కార్యక్రమం తొలి దశలో బడి పిల్లల కళ్లనే పరీక్షించింది. బోర్డు కనబడని పిల్లలు లక్షల్లో ఉన్నారని అప్పుడే అందరికీ అర్థమైంది. పాఠం వినబడని పిల్లల కోసం అంత పెద్ద ప్రయత్నం ఇంకా జరగలేదు.

పథకాలు లేవని కాదు. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమాన్ని 2006-07లో 25 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించి తర్వాత విస్తరించారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించాలి. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, బడుల్లో ఒకసారి సంచార బృందాలు రావాలి. అవి చూడాల్సిన సమస్యల జాబితాలో మధ్య చెవి జబ్బూ ఉంది, వినికిడి లోపమూ ఉంది. కానీ హడావుడిగా సాగే శిబిరంలో అడిగే ప్రశ్నలతో 25 డెసిబెల్స్ లోపం బయటపడదు. ఎదురుగా నిలబడి పేరు అడిగితే ఈ పిల్లలు ఠక్కున చెప్పేస్తారు మరి. నిశ్శబ్దంగా ఉన్న గది, ఆడియోమీటర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉంటేనే ఇది దొరుకుతుంది.

మన చట్టాలు, పథకాలు పెద్ద లోపాలను దృష్టిలో పెట్టుకొని రూపొందాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లో 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి లోపంగా పరిగణిస్తారు. పుట్టుచెవుడు పిల్లలకు ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్లు అమర్చటం ఎందరికో మాటలిచ్చింది. అది గొప్ప మేలు. కానీ 25, 30 డెసిబెల్స్ తగ్గిన పిల్ల ఏ లెక్కలోకీ రాదు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసై ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకూ అనుమానం రాదు. ఆ పరీక్ష ఆ రోజు సంగతి చెబుతుంది. రెండేళ్ల తర్వాత చేరే నీటి గురించి చెప్పలేదు.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో 60 శాతం వరకు నివారించదగ్గ కారణాలతోనే వస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. టీకాల విషయంలో మనం ముందడుగు వేశాం. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా అందుతోంది. ఇది ప్రధానంగా న్యుమోనియా కోసమే అయినా కొన్ని రకాల చెవి ఇన్‌ఫెక్షన్లనూ తగ్గిస్తుంది. ఇక మిగిలింది బడిలో వినికిడి పరీక్ష. కనీసం ఒకటో తరగతిలో చేరేటప్పుడు ప్రతి బిడ్డకూ ఒక్కసారి ఆడియోమెట్రీ చేస్తే చాలా మందిని గుర్తించొచ్చు. ప్రభుత్వ బడుల్లో సంచార బృందాలకు ఆడియోమీటర్లు ఇవ్వాలి. యూనిఫామ్, షూ ఏ దుకాణంలో కొనాలో చెప్పే ప్రైవేటు బడులు, అడ్మిషన్ సమయంలో వినికిడి పరీక్ష నివేదిక అడగటం పెద్ద కష్టమేమీ కాదు.

డాక్టరును ఇవి అడగండి

ప్రభుత్వం కదిలేదాకా ఆగాల్సిన పనిలేదు. ఈసారి చెవి సమస్యతో వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు రాసుకొని వెళ్లండి.

- నీరు ఒక చెవిలోనా, రెండింటిలోనా? టింపనోమెట్రీ చేశారా?
- ఏ చెవికి వినికిడి ఎన్ని డెసిబెల్స్ తగ్గింది? ఆ కాగితం మాకు ఇస్తారా?
- ఈ మందు దేనికి? జలుబుకా, అలర్జీకా, ఇన్‌ఫెక్షన్‌కా, నీటికా?
- మళ్లీ ఎప్పుడు రావాలి? అప్పుడు వినికిడి పరీక్ష మరోసారి చేస్తారా?
- ఆపరేషన్ అంటున్నారు కదా, ఇటీవలి వినికిడి పరీక్షలో ఏం తేలింది? అడినాయిడ్స్ ఎలా ఉన్నాయి?
- మాటలు ఆలస్యమయ్యాయి, స్పీచ్ థెరపిస్టును కలవాలా?

చెవి వెనక వాపు, చెవి ముందుకు పొడుచుకు రావటం, తగ్గని జ్వరం, మూతి వంకర పోవటం, దుర్వాసనతో చీము కారటం వంటివి కనిపిస్తే మాత్రం మూడు నెలలు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారిగా వినికిడి పూర్తిగా పోయినా అంతే.

ఇవాళ సాయంత్రం ఇంట్లో టీవీ, ఫ్యాన్ ఆపి, పిల్లాడు బొమ్మలతో ఆడుకుంటుండగా వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచి చూడండి. వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూడండి. ఇది పరీక్షకు బదులు కాదు, అనుమానం తీర్చుకోవటానికి మొదటి మెట్టు మాత్రమే. తిరిగి చూశాడా, సంతోషం. చూడలేదా, కోప్పడకండి. వినికిడి పరీక్ష చేయించండి. తిరిగి చూసినా పైన చెప్పిన గుర్తులుంటే ఆ పరీక్ష చేయించాల్సిందే. చెప్పిన మాట వినటం లేదని ఇన్నాళ్లూ తిట్లు తిన్న పిల్లాడికి అసలు ఆ మాటే వినబడలేదేమో!